బ్లాకు ఏ లోహమని అడిగే ముందు కొలత తీయండి

స్ట్రాటోకాస్టర్ (స్ట్రాట్) తరహా ఎలక్ట్రిక్ గిటారు పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ట్రెమోలో బ్లాకు మార్పిద్దామనుకుంటున్నా. స్టీలు వేయించాలా, ఇత్తడి వేయించాలా?" తిరుపతిలో పెళ్లి ఆర్కెస్ట్రాల్లో వాయించే కుర్రాళ్లు, చర్చి బ్యాండ్లలో వాయించేవాళ్లు, ఎస్వీ యూనివర్సిటీ హాస్టల్లో ఉండే పిల్లలు, అందరిదీ ఇదే మాట. లోహాల గురించి వీళ్లకు తెలిసినంత నాకూ తెలియదేమో అనిపిస్తుంది. కానీ నీ గిటారు బాడీ మందమెంత, ఇప్పుడున్న బ్లాకు లోతెంత, ఆర్మ్ (స్వరాన్ని ఊపడానికి చేత్తో నొక్కే కడ్డీ) మర ఏ సైజు అని అడిగితే జవాబుండదు. లోహం మీద అంత పట్టింపు ఉన్నవాళ్లు కొలతను ఇంత తేలిగ్గా ఎందుకు వదిలేస్తారన్నదే నా బాధ.

నా వాదన ముందే చెప్పేస్తాను. చవక గిటారులో బ్లాకు మార్చినప్పుడు కలిగే మేలులో పెద్ద వాటా అమరికది, అంటే కొలతలు సరిగ్గా కుదరడానిది. లోహానికీ వాటా ఉంది, అది చిన్నది. ఆ పెద్ద వాటాను వేలకు వేలు పోసి బయటినుంచి తెప్పించుకోవాల్సిన పని లేదు. ఆటోనగర్‌లో లేత్ మిషనూ డ్రిల్లింగ్ మిషనూ ఉన్న షెడ్డులో, మన కళ్లెదుటే చేయించుకోవచ్చు.

ఈ యంత్రం పనితీరు తెలిస్తే మిగతాదంతా సులభం. 1954లో స్ట్రాటోకాస్టర్‌తో పాటు వచ్చిన ఏర్పాటు ఇది. ఫెండర్ కంపెనీ స్థాపకుడు లియో ఫెండర్‌కు దీని మీద 1956లో పేటెంటు దక్కింది. పైన తీగలు ఆనే సాడిల్స్, వాటి కింద బేస్‌ప్లేటు, ఆ ప్లేటు అడుగున మూడు స్క్రూలతో బిగించిన లోహపు దిమ్మ. ఆ దిమ్మే బ్లాకు. తీగల బాల్ ఎండ్‌లు, అంటే కొసన ఉండే చిన్న గుండ్లు, దాని లోపలే కూర్చుంటాయి. దాని అడుగు అంచుకు స్ప్రింగులు తగిలించి ఉంటాయి. ఆ స్ప్రింగుల రెండో కొసను గిటారు వెనక గుంటలో ఉండే కొక్కెం ప్లేటు, అంటే క్లా, పట్టుకుంటుంది. మొత్తం ప్లేటు ముందు అంచున ఉన్న ఆరు స్క్రూల మీద ఊగుతుంది. ఒకవైపు తీగలు లాగుతాయి, ఇంకోవైపు స్ప్రింగులు లాగుతాయి. ఆ రెండూ సరితూగిన చోట బ్రిడ్జి, అంటే ఈ మొత్తం ఏర్పాటు, నిలబడుతుంది.

సరితూగడమంటే మాటవరసకు అనడం లేదు. మామూలు 10-46 తీగల సెట్టు వేసి శ్రుతి చేస్తే ఆరు తీగలూ కలిపి దాదాపు 46 కిలోల బలంతో లాగుతాయి. ఆ లాగుడు ఊగే అంచుకు ఒక సెంటీమీటరు పైన పనిచేస్తుంది. స్ప్రింగులు లాగేది అంచుకు బ్లాకు లోతంత కింద. కాబట్టి లోతే ఇక్కడ మీట. లోతు 42 మిల్లీమీటర్ల నుంచి 36కు తగ్గిందంటే అదే తీగలను ఆపడానికి స్ప్రింగులు ఆరో వంతు ఎక్కువ బలంతో లాగాలి. ఆర్మ్ నొక్కితే చేతికి తగిలే గట్టిదనం, వదిలితే వెనక్కి వచ్చే తీరు, రెండూ మారిపోతాయి. ఇందులో లోహం ప్రసక్తే లేదని గమనించండి. బ్లాకు ఉక్కుదైనా జింకుదైనా లెక్క ఒక్కటే.

మరి జింకు బ్లాకంటే నాసిరకమన్న చెడ్డపేరు ఎలా వచ్చింది? మొదటి స్ట్రాట్లలో బ్లాకు ఉక్కుది. 1970ల మొదట్లో ఖర్చు తగ్గించడానికి ఫెండర్ పోత పోసిన జింకు మిశ్రమానికి మారింది. పాత గిటారు మోత బాగుంటుందన్న నమ్మకమూ ఈ మార్పూ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఆ తర్వాత చవక గిటార్లన్నీ జింకు బ్లాకులతోనే వస్తుండటంతో జింకంటే నాసిరకం అన్న మాట స్థిరపడింది. చవక గిటార్లలో బ్లాకు నిజంగానే నాసిగా ఉంటుంది. నేనూ ఒప్పుకుంటాను. కానీ దేనివల్ల నాసి అన్నది చూడాలి.

సాంద్రతలు చూడండి. జింకు మిశ్రమం ఘన సెంటీమీటరుకు 6.6 గ్రాములు, ఉక్కు 7.85, ఇత్తడి 8.5 దాకా. 75 మి.మీ. వెడల్పు, 12 మి.మీ. మందం, 36 మి.మీ. లోతు ఉన్న దిమ్మను, రంధ్రాల సంగతి పక్కనపెట్టి, ఉక్కుతో చేస్తే 254 గ్రాములు. అదే కొలతకు జింకుతో పోస్తే 214. ఇత్తడితో 275. ఇప్పుడు జింకుదాన్నే 42 మి.మీ. లోతుకు పోయండి: 249 గ్రాములు. అంటే నిండు లోతున్న జింకు బ్లాకూ పొట్టి ఉక్కు బ్లాకూ దాదాపు ఒకే తూకం. చవక గిటార్లలో బ్లాకు తేలికగా ఉండటానికి పెద్ద కారణం దాన్ని పలచగా, పొట్టిగా పోయడమే. బరువు వల్ల మోత మారుతుందనే నమ్మినా, ముందు చూడాల్సింది కొలతనే.

పొట్టిగా పోయడానికీ కారణముంది. మామూలు స్ట్రాట్ బాడీ మందం 44 మి.మీ. పైచిలుకు. చవక రకాల్లో చాలావాటి బాడీ 40 మి.మీ. దగ్గరే ఆగిపోతుంది. అందులో 42 మి.మీ. బ్లాకు దించితే వెనక మూత పడదు, దిమ్మ బయటికి పొడుచుకొస్తుంది, బెల్టు బకిలుకు తగులుతుంది. ఫ్లాయిడ్ రోజ్ అనే ఇంకో రకం ట్రెమోలో బ్రిడ్జిల బ్లాకులను 32, 37, 42 అని లోతు పేరు చెప్పి అమ్ముతారు. ఆ పద్ధతి నాకు నచ్చుతుంది, కొనేవాడికి మొదట లోతు గుర్తొస్తుంది కాబట్టి. స్ట్రాట్ బ్లాకుల దగ్గరికి వచ్చేసరికి పెద్దక్షరాల్లో లోహం పేరు కనిపిస్తుంది, కొలతలు ఎక్కడో అడుగున ఉంటాయి.

లోతు తర్వాత తీగల ఎడం. పాత అమెరికన్ కొలతలో మొదటి తీగ నుంచి ఆరో తీగకు 56 మి.మీ. ఆసియా నుంచి వచ్చే చాలా గిటార్లలో 52.5. ఒక కొలత ప్లేటు కింద ఇంకో కొలత బ్లాకు పెడితే చివరి తీగలు రెండూ చెరో ఒకటిముప్పావు మిల్లీమీటరు పక్కకు పోయి, ప్లేటు రంధ్రపు అంచును ఒరుసుకుంటూ పైకి వస్తాయి. ఆ ఒరిపిడి దగ్గరే తీగ తెగుతుంది. తెగకపోతే ఇంకా కష్టం, ఆర్మ్ వాడిన ప్రతిసారీ అక్కడ పట్టుకుని శ్రుతి పక్కకు జరుపుతుంది.

ఆర్మ్ మర సంగతి మరీ సూక్ష్మం. అమెరికన్ కొలత 10-32. దాని వ్యాసం 4.83 మి.మీ., మరకూ మరకూ మధ్య 0.794 మి.మీ. మెట్రిక్ ఎం5 అయితే వ్యాసం 5, ఎడం 0.8. ఈ రెండూ ఎంత దగ్గరంటే ఎం5 రంధ్రంలో 10-32 ఆర్మ్ నిక్షేపంగా తిరుగుతుంది, లోపలికి పోతుంది, సరిపోయిందనే అనిపిస్తుంది. కాకపోతే వదులు. జింకు మెత్తన, ఆ వదులులో ఆడీ ఆడీ కొన్నాళ్లకు మర అరిగిపోతుంది, ఆర్మ్ లొడలొడలాడుతుంది. అప్పుడు గిటారు యజమాని అనే మాట: "జింకు కదన్నా, అంతే." ఆ మరను అరగదీసింది తప్పు కొలత ఆర్మ్.

ఆర్కెస్ట్రాలో వాయించే ఒక తమ్ముడి గిటారు పని చెప్తాను. సన్న బాడీ గిటారు. అతను నెట్‌లో స్టీలు బ్లాకు తెప్పించుకున్నాడు, మంచి పనితనమే, కానీ నిండు లోతుది. ఆరు మిల్లీమీటర్లు కోయించి వేసుకుందామని ఆటోనగర్‌కు తీసుకొచ్చాడు. లేత్ షెడ్డులో పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అడుగు అంచులో ఉన్న ఐదు చిన్న రంధ్రాల మీద వేలు పెట్టాడు.

"ఇవి దేనికి సామీ?"

"స్ప్రింగులు తగిలించేదానికన్నా."

"కోసేస్తే ఇవి సగం పోతాయి గదా. మళ్లీ వేయాల. ఇంత మంచి ముక్కను ఎందుకు పాడుచేస్తారు? దీన్ని అమ్మేసుకోమనండి. ఫ్లాట్ తెండి, కొత్తది చేసిస్తా."

ఫ్లాట్ అంటే ఇనుప దుకాణాల్లో తూకానికి దొరికే పట్టీ. 75 వెడల్పు, 12 మందం మైల్డ్ స్టీలు ఫ్లాట్ ఎక్కడైనా దొరికే సైజు. ఒక ముక్క అడ్డంగా కోస్తే బ్లాకుకు కావాల్సిన వెడల్పూ మందమూ వచ్చేసినట్టే. ఇక మిగిలింది రంధ్రాల పని. ప్రాణమంతా అక్కడే ఉంది.

పాత ప్లేటునే అచ్చుగా పెట్టి, మూడు స్క్రూల స్థానాలూ ఆరు తీగల స్థానాలూ గుర్తు పెట్టాం. టేపుతో కొలిచి గీస్తే అర మిల్లీమీటరు తేడా వచ్చి తీరుతుంది, ప్లేటే సరైన అచ్చు. తీగ రంధ్రానికి రెండు వ్యాసాలుండాలి. పైన తీగ మాత్రమే పట్టే సన్న రంధ్రం, కింద బాల్ ఎండ్ పట్టే వెడల్పు రంధ్రం. సన్న బిట్టుతో అంత లోతూ తవ్వబోతే బిట్టు పక్కకు వంగుతుంది, లేదా విరుగుతుంది. పెద్దాయన ముందు కింది నుంచి 5 మి.మీ. బిట్టుతో తవ్వుకొచ్చి, పైన కొన్ని మిల్లీమీటర్లు ఉందనగా ఆపి, ఆ మిగిలినదాన్ని సన్న బిట్టుతో పూర్తి చేశాడు. ఎక్కడ ఆపాలన్నది తీగను బట్టి తేల్చుకున్నాం. బాల్ ఎండ్ పక్కన తీగకు మెలి చుట్టి మందంగా ఉంటుంది కదా, ఆ మెలి సాడిల్ మీదికి ఎక్కకూడదు. బాల్ ఎండ్ మరీ పైకి కూర్చుంటే ఎక్కేస్తుంది, తీగ సాడిల్ మీద సరిగా వంగదు. మరీ లోతుకు కూర్చుంటే సాడిల్ అవతల తీగ పొడవు పెరిగి, ఆర్మ్ వాడినప్పుడు సాగే భాగం ఎక్కువవుతుంది. ఆరో తీగను చేతిలో పట్టుకుని రంధ్రంలో పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, ఆ లోతు తేల్చాం. తర్వాత ప్రతి రంధ్రం నోటికీ చిన్న చాంఫర్, అంటే అంచు ఏటవాలుగా తీయడం, వేలితో తడిమితే గీసుకోనంత.

ఆర్మ్ రంధ్రానికి ట్యాప్ కొట్టే (లోపల మర తీసే) ముందు అతని ఆర్మ్‌నే గేజితో చూశాం. ఎం6. అదే కొట్టించాం. వెనక అడుగు అంచును కొంచెం ఏటవాలుగా తీయించాం. ఆర్మ్ నొక్కినప్పుడు బ్లాకు అడుగు గిటారు తోక వైపు జరుగుతుంది, గుంట గోడకు తగిలిన చోట ఆగిపోతుంది. ఆ మూల తీసేస్తే ఇంకాస్త కిందికి పోనిస్తుంది.

ఇక పై ముఖం. ఈ మొత్తం పనిలో మోత మీద ఎక్కువ ప్రభావం చూపేది ఇదేనని నా నమ్మకం, చాలామంది పట్టించుకోనిదీ ఇదే. ప్లేటుకు ఆనే ఆ ముఖం చదునుగా ఉండాలి. పోత బ్లాకుల్లో తరచుగా అది మధ్యలో ఉబ్బుగానో పల్లంగానో ఉంటుంది, పైన మందంగా రంగో పూతో ఉంటుంది. మూడు స్క్రూలూ బిగించినా ముఖమంతా ఆనదు. నేల మీద సరిగా ఆనని రోట్లో దంచినట్టు, తీగ ఇచ్చిన బలంలో కొంత ఆ కదలికకే పోతుంది. గాజు పలక మీద ఎమరీ పేపరు పరిచి, బ్లాకు ముఖాన్ని దాని మీద రుద్దితే ఎక్కడ ఆనుతుందో ఎక్కడ ఆనడం లేదో మెరుపును బట్టి కనిపిస్తుంది. ముఖమంతా ఒకే తీరుగా మెరిసేదాకా రుద్దాలి. దీనికి కొత్త బ్లాకు కూడా అక్కర్లేదు. ఉన్న జింకు బ్లాకు పై ముఖాన్నే ఇలా చదును చేసి బిగించి చూడండి. నేను చేసిన గిటార్లలో దీనివల్ల వచ్చిన తేడా, ఆ తర్వాత లోహం మార్చినప్పుడు వచ్చిన తేడా కంటే స్పష్టంగా వినిపించింది.

రంగు తీసేయడంలో ఇంకో లాభముంది. గిటారు ఎర్తింగు వైరు క్లాకు సోల్డరు చేసి ఉంటుంది. అక్కడి నుంచి స్ప్రింగులు, బ్లాకు, ప్లేటు, సాడిల్స్ మీదుగా తీగల దాకా ఆ దారి సాగాలి. బ్లాకు మీద దళసరి రంగు ఉంటే ఆ దారి మధ్యలో తెగుతుంది. తీగ మీద చెయ్యి వేసినా హమ్ము తగ్గదు. కల్యాణ మండపాల్లో వైరింగు ఎలా ఉంటుందో వాయించేవాళ్లకు చెప్పక్కర్లేదు. పికప్‌లను (తీగ కదలికను పట్టి ఆంప్లిఫయరుకు పంపే భాగాలను) తిట్టుకునే ముందు స్ప్రింగు రంధ్రాల్లో, పై ముఖంలో రంగు గీకి చూడండి.

ఇప్పుడు నా వాదనకు ఎదురుగా ఉన్న రెండు మాటలకు జవాబు చెప్పాలి.

మొదటిది: "ఎలక్ట్రిక్ గిటారులో మోతంతా పికప్‌దే, బ్లాకు ఏదైనా ఒకటే." ఇది నేను ఒప్పుకోను. పికప్ పట్టేది తీగ కదలికను. ఆ కదలిక ఎంతసేపు నిలుస్తుంది, అందులో ఏ స్వరాంశాలు ముందు సన్నగిల్లుతాయి అన్నది తీగ రెండు కొసలూ ఎంత గట్టిగా నిలబడ్డాయన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. బ్రిడ్జి వైపు బరువు, బిగువు ఉంటే శక్తి తీగలోనే ఎక్కువసేపు ఉంటుంది. అందుకే బ్లాకుకు విలువ లేదనను. పికప్ ఎత్తు, తీగల వయసు, సాడిల్ కోత లాంటివాటి ముందు దాని వాటా తక్కువ అంటాను, అంతే.

రెండోది: "ఇత్తడి మోత వెచ్చగా ఉంటుంది, ఉక్కు మోత ఖణేల్‌మంటుంది, నేను విన్నాను." విన్నమాట నిజమే కావచ్చు. కానీ బ్లాకు మార్చిన రోజున ఇంకేం మారాయో కూడా చెప్పాలి. పాత తీగలు తీసి కొత్తవి వేశారు. స్ప్రింగుల బిగువు మారింది. సాడిల్స్ మళ్లీ సర్దారు. మూడు స్క్రూలు మొదటిసారి గట్టిగా బిగిశాయి. ఇన్ని మారాక వినిపించిన తేడానంతా ఇత్తడి ఖాతాలో రాయడం న్యాయం కాదు. పాత బ్లాకుతోనే ముందు ఇవన్నీ చేసి, కొత్త తీగలు వేసి, ఫోనులోనైనా సరే రికార్డు చేసుకుని, ఆ తర్వాత అదే రకం కొత్త తీగలతో బ్లాకు ఒక్కటే మార్చి వినండి. అప్పుడు మిగిలే తేడా లోహానిది. అది మీకు ఖర్చు పెట్టదగినదిగా వినిపిస్తే తప్పకుండా పెట్టండి, నేను వద్దనను.

నేను అమరికకు ఇంత బలంగా ఓటేయడానికి ఇంకో కారణం మన చెవి. ఇక్కడ గిటారు వాయించేవాళ్లలో చాలామంది అన్నమయ్య కీర్తనలు వింటూ పెరిగినవాళ్లు, కొందరు సంగీత కళాశాలలో నేర్చుకున్నవాళ్లు. శ్రుతి పెట్టె పక్కన వాయించడం మనకు అలవాటు. ఆర్మ్‌తో గాంధారాన్నో నిషాదాన్నో ఊపి, మళ్లీ స్వరం మీద నిలబడాలనుకుంటాం. అప్పుడు బ్రిడ్జి సరిగ్గా అదే చోటికి రావాలి. 440 హెర్ట్‌జ్ దగ్గర ఐదు సెంట్లు తప్పినా శ్రుతితో కలిసి సెకనుకు ఒకటికి పైగా అలలు లేస్తాయి, అంటే అరస్వరంలో ఇరవయ్యో వంతు తేడా కూడా బయటపడిపోతుంది. గట్టిగా డిస్టార్షన్ పెట్టి వాయించే పాటలో ఇది కొట్టుకుపోవచ్చు. ఆలాపనలో కొట్టుకుపోదు. సస్టెయిన్, అంటే స్వరం మోగుతూ నిలిచే సమయం, రెండు సెకన్లు పెరగడం కంటే స్వరం ఉన్నచోటికి రావడమే మనకు ముఖ్యం, అది లోహంతో వచ్చేది కాదు.

ఆ తిరిగి రావడంలో బ్లాకుకు తోడు ఇంకా ఇద్దరున్నారు. ఒకటి ప్లేటు ముందు అంచులోని ఆరు రంధ్రాలు. మంచి ప్లేటులో వాటిని అడుగు వైపు నుంచి ఏటవాలుగా తీసి, అంచు పదునుగా ఊగేలా చేస్తారు. చవక ప్లేటులో నేరుగా తొలిచి వదిలేస్తారు, ప్లేటు స్క్రూను పట్టుకుంటుంది. దాన్ని కౌంటర్‌సింక్ బిట్టుతో అడుగునుంచి తీసుకోవచ్చు. బయటి రెండు స్క్రూలకే భారం ఇచ్చి మధ్య నాలుగింటినీ కొంచెం పైకి ఎత్తి ఉంచితే ఇంకా తేలిగ్గా ఊగుతుంది. రెండోది నట్, అంటే మెడ పై కొసన తీగలు ఆనే గాళ్ల పట్టీ. నట్ గాడిలో తీగ పట్టుకుంటుంటే కింద ఎంత మంచి బ్లాకు వేసినా శ్రుతి నిలవదు. మెత్తటి పెన్సిలు ముక్క అరగదీసి ఆ పొడి గాడిలో వేయడంతో మొదలుపెట్టండి.

ఆర్మ్ అసలు వాడనివాళ్లు ఈ ఖర్చు జోలికే పోనక్కర్లేదు. గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ తన స్ట్రాట్లలో బ్లాకు వెనక చెక్కముక్క బిగించి, ఐదు స్ప్రింగులూ వేసి, బ్రిడ్జి కదలకుండా చేసుకున్నాడు. పెళ్లిలో గంటల తరబడి రిథమ్ వాయించేవాడికి అది చక్కటి మార్గం. తీగ తెగినా మిగతా ఐదూ శ్రుతిలోనే ఉంటాయి. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వేళల్లో, ఆ ఎండలో తీగలు వేడెక్కి దిగిపోతున్నప్పుడు కూడా ఒక్కో తీగనూ విడిగా సర్దుకోవచ్చు. తేలే బ్రిడ్జిలో ఒకటి బిగిస్తే మిగతా ఐదూ కదులుతాయి. చెక్కముక్క కోసం బయట వెతకడం దేనికి, మాధవమాల వైపు వెళ్తే చెక్క చెక్కే చేతులకు కొదవ లేదు. ఎటొచ్చీ కొలత మాత్రం మిల్లీమీటర్లలో రాసుకెళ్లాలి.

మైల్డ్ స్టీలుకు ఉన్న లోపం తుప్పు. మన చెమటకు పూత లేని ఉక్కు త్వరగా మచ్చలు పడుతుంది. ఆ తమ్ముడి బ్లాకుకు నికెల్ ప్లేటింగ్ వేయించాం, పై ముఖాన్ని మాత్రం మళ్లీ ఎమరీ మీద తేల్చాం. ఇత్తడి తుప్పు పట్టదు కానీ చిలుము పడుతుంది, తుడుచుకుంటే సరిపోతుంది. మిషను మీద తేలిగ్గా తెగుతుంది కాబట్టి లేత్ పనివాళ్లకు ఇత్తడంటే ఇష్టం కూడా. నన్నడిగితే ఇత్తడి ఎంచుకోవడానికి వెచ్చటి మోత కంటే ఇవే నమ్మదగిన కారణాలు.

లేత్ షెడ్డుకు వెళ్లేటప్పుడు పాత బ్లాకు, ప్లేటు, ఆర్మ్, ఒక స్ప్రింగు, వాడేసిన ఆరో తీగ తీసుకెళ్లండి. బాడీ మందం, వెనక గుంట లోతు, వెడల్పు ముందే రాసుకోండి. గిటారును మాత్రం ఇంట్లోనే ఉంచండి. షెడ్డులో గాల్లో తిరిగే ఇనుప రజను పికప్ అయస్కాంతాలకు పట్టుకుందంటే మైనపు ముద్దతోనో గమ్ టేపుతోనో అద్ది అద్ది తీయాలి, అప్పటికీ పూర్తిగా వదలదు.